పేరు లేని పురుగుల వంశవృక్షం

జువాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మేఫ్లైలను ఎంచుకున్నానని చెప్పగానే పర్లాకిమిడిలో మా పిన్ని అడిగిన మొదటి మాట: "అది పంటకు పట్టే పురుగా, మనిషికి పట్టేదా?" రెండూ కాదన్నాను. "మరి దాంతో మనకేం పనమ్మా?" అంది. తర్వాత అటవీ సిబ్బంది, జీపు డ్రైవర్లు, మా విభాగంలో ఒక మాస్టారు కూడా ఇదే అడిగారు గానీ, పిన్ని అంత సూటిగా ఎవరూ అడగలేదు.

మహేంద్రగిరి కొండల నుంచి దిగే గెడ్డల్లోనూ, వంశధారలో కలిసే మహేంద్రతనయలోనూ (బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ వేరు) ఏ మేఫ్లైలు ఉన్నాయో చూసి, డీఎన్ఏ ఆధారంగా వాటి బంధుత్వాలు తేల్చాలి. అదీ నా పని. ఈ కీటకం బతుకంతా దాదాపు నీటి అడుగునే, మొప్పలున్న పిల్లదశలో గడుస్తుంది. రెక్కలొచ్చాక నోరు పనిచేయదు, తిండి ఉండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో చచ్చిపోతుంది. రెక్కలొచ్చిన తర్వాత కూడా ఒకసారి కుబుసం విడిచే కీటకాలు ఇప్పుడున్న వాటిలో ఇవి మాత్రమే.

పట్టడం తేలిక. వలను దిగువన ఆనించి, ఎగువన కాలితో రాళ్లు కదిలిస్తే కొట్టుకొచ్చి పడతాయి. హెప్టజెనిడే కుటుంబంవి మాత్రం రాతికి అప్పడంలా అతుక్కుని ఉంటాయి. రాయి తిప్పి కుంచెతో తీయాలి. నిల్వ దగ్గరే ఆలస్యమైంది. విభాగం అల్మారాలో పాత సీసాలు బోలెడున్నాయి గానీ అన్నీ ఫార్మలిన్‌లోవే. ఫార్మలిన్ ఆకారాన్ని నిలబెడుతుంది, డీఎన్ఏను చెడగొడుతుంది. మాకు నీరు కలపని ఆల్కహాల్ కావాలి. దాని అనుమతి కాగితం బల్ల నుంచి బల్లకు కదిలే వేగం చూస్తే, రాతి మీద పాకే నా పురుగులే నయమనిపించింది.

అసలు కష్టం పెంపకంలో ఉంది. చాలా జాతుల వర్ణనలు రెక్కలొచ్చిన మగదాని జననాంగాల మీద ఆధారపడి రాసినవి. చేతికి దొరికేదేమో నీళ్లలోని పిల్ల. ఈ పిల్లే ఆ పెద్దదని చూపించాలంటే కళ్లెదుట రెక్కలు రావాలి. కొండ గెడ్డ పురుగును సీసాలో పెట్టుకుని బస్సులో తెస్తే బతకదు. దానికి చల్లని, పారే నీరు కావాలి. అందుకే ప్లాస్టిక్ డబ్బాలకు కిటికీలు కోసి, దోమతెర అంటించి, గెడ్డలోనే రాళ్ల మధ్య కట్టాను. వీపు మీద రెక్కల మొగ్గలు నల్లబడ్డవాటినే ఏరి వేసేదాన్ని, అవి రెక్కలకు సిద్ధమైనట్టు లెక్క. తెల్లారి వెళితే కొన్ని డబ్బాల్లో మసక రెక్కలవి దోమతెర పట్టుకుని ఉండేవి. అవి మరోసారి కుబుసం విడిచి, రెక్కలు అద్దంలా తేలేవరకూ కదపకూడదు. నీళ్లలో వదిలిన తొడుగునూ పెద్దదాన్నీ ఒకే సీసాలో వేసి, పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే పెట్టాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

ప్రయోగశాల పని నిజానికి వంటపుస్తకం చూసి చేసేదే. ఒక కాలు తీసి డీఎన్ఏ రాబట్టాలి, మిగతా శరీరం రుజువుగా దాచాలి. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 658 అక్షరాల ముక్కను పీసీఆర్‌తో (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) పెంచి సీక్వెన్సింగ్‌కు, అంటే అక్షరాల వరుస చదివించడానికి, పంపాం. 2003లో పాల్ హెబర్ట్ బృందం జంతుజాతులను గుర్తించడానికి బార్‌కోడ్‌గా సూచించిన భాగమే ఇది.

ఫలితాలను జెన్‌బ్యాంక్‌తో (డీఎన్ఏ వరుసలు దాచే బహిరంగ భాండాగారం) పోలిస్తే చాలావాటికి దగ్గరి చుట్టమే లేదు. కొన్నిటికి పోలిక తొంభై శాతమైనా దాటలేదు. ఆ భాండాగారంలో ఐరోపా, అమెరికా మేఫ్లైలు దండిగా ఉన్నాయి, మన తూర్పు కనుమలవి బహు తక్కువ. యంత్రం పేరు చెప్పేస్తుందని నమ్మేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: అందులో ఎవరో ముందు పేరు పెట్టి వేస్తేనే అది మీకు తిరిగి చెబుతుంది.

అయినా వృక్షం గీసినప్పుడు ఒక సంగతి బయటపడింది. భూతద్దం కింద ఒకటేనని నేననుకున్న బేటిడే కుటుంబపు పిల్లలు రెండు కొమ్మలుగా చీలాయి. కొండ మీద నీడ పట్టున దొరికినవి ఒకవైపు, పొలాల పక్కన దొరికినవి మరోవైపు. రెంటి మధ్య తేడా ఒకే జాతిలో మామూలుగా కనబడే రెండు మూడు శాతం కన్నా చాలా ఎక్కువ. ఒక్క జన్యువుతో రెండు జాతులని తీర్పు చెప్పలేం. అందుకే కేంద్రక జన్యువు ఒకటి కూడా చూడాలని మా గైడు మేడం పట్టుబట్టారు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

పట్టణం దాటాక మహేంద్రతనయ తీరే వేరు. బురద పేరుకున్న చోట హెప్టజెనిడే మాయమయ్యాయి. కీనిడే కుటుంబంవి మిగిలాయి. వాటి మొప్పల్లో ఒక జత మూతలా మారి మిగతావాటిని బురద నుంచి కాపాడుతుంది. పిన్ని ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే: ఏ నీరు ఎలా ఉందో చెప్పడానికి రాయి తిప్పి చూడవచ్చు.

వైవాలో పరీక్షకులు పట్టిక చూసి, "ఇన్ని ప్రజాతులు (జీనస్‌లు) రాశారు, జాతి (స్పీషీస్) పేర్లేవీ?" అన్నారు. మగవి దొరికినవాటికే రాశానన్నాను. పొలాల పక్క కొమ్మకు మగది ఇంకా దొరకలేదు. డబ్బాలు ఇప్పుడు మా జూనియర్ దగ్గరున్నాయి, దోమతెరలు మార్చుకోమని చెప్పాను.