రంగు వేయడానికి ముందు

షార్జాలో ఒక బోటు యార్డులో పాత అల్యూమినియం పడవలకు రంగు తీసి, మళ్లీ రంగు వేయడం నా ఉద్యోగం. సెలవుకు మా ఊరు సఖినేటిపల్లి వచ్చినప్పుడల్లా “రంగులు వేసే పనే కదా” అంటారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. రంగు వేయడం మా పనిలో చివర వచ్చే చిన్న భాగం. నేర్పు, ఓపిక, ప్రమాదం అన్నీ పాత రంగు తీయడంలోనే ఉన్నాయి.

వచ్చే నెల మా అక్క కొడుకు కూడా అదే పనికి బయలుదేరుతున్నాడు. మొన్న నర్సాపురం వెళ్తూ, గోదావరి దాటించే పంటు మీద నిలబడి అడిగాడు: “మామయ్యా, ఈ ఇనుప పంటుకు వేసే రంగే అల్యూమినియానికీ వేయవచ్చా?” సరైన ప్రశ్న అది.

ఇనుము తుప్పు ఎర్రగా బయటపడుతుంది. అల్యూమినియం అలా కాదు. రంగు పొక్కులా ఉబ్బుతుంది, గీకితే లోపల సున్నంలాంటి తెల్లటి పొడి రాలుతుంది, దాని కింద గుంట ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. గీకి శుభ్రం చేసిన అల్యూమినియానికి గాలి తగలగానే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. లోహాన్ని కాపాడేది ఆ పొరే, కానీ అది పెరిగేకొద్దీ రంగు దాన్ని గట్టిగా పట్టుకోదు. అందుకే గీకిన కొద్ది గంటల్లోనే రంగు కింద మొదటి పూతగా వేసే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. ఈ రోజు గీకి రేపు పూద్దాం అనుకోవడానికి వీల్లేదు.

ముందు మంచినీళ్లతో ఉప్పు కడగాలి, తరువాత సాల్వెంటుతో నూనె జిడ్డు తీయాలి. జిడ్డు ఉండగానే గరుకు కాగితంతో రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది. రంగును మెత్తబరిచే జెల్లులో కాస్టిక్ సోడా ఉండకూడదు, అది లోహాన్నే తినేస్తుంది. ఇనుప తీగల బ్రష్షూ పనికిరాదు. దాని ముక్కలు అల్యూమినియంలో ఇరుక్కుని అక్కడే తుప్పు మొదలుపెడతాయి. చెక్క బద్దతోనో ప్లాస్టిక్ బద్దతోనో గీకుతాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని రివెట్లది, అంటే పడవ రేకులను కలిపి బిగించే మేకుల్లాంటివాటిది. కారే రివెట్టును పట్టడానికి పడవను దిమ్మల మీద పెట్టి లోపల నీళ్లు పోస్తాం. బయట ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ పెన్సిలుతో గుర్తు పెడతాం. నీళ్లు తీసేశాక ఒకరు లోపల కూర్చుని బరువైన ఇనుప దిమ్మను రివెట్టుకు ఆనించి పట్టుకుంటారు, ఇంకొకరు బయటి నుంచి సుత్తితో కొడతారు. లోపలి మనిషి చేయి కొంచెం కదిలినా రివెట్టు బిగియదు. నాతో ఆ పని చేసే మలయాళీ అన్నకూ నాకూ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, అయినా దెబ్బ దెబ్బకూ లయ కుదురుతుంది. చివరగా నీళ్లు చల్లి చూస్తాం. నీరు తెగకుండా పలచటి పొరలా పరుచుకుంటే లోహం శుభ్రపడినట్టు, చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు.

షార్జాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం. ఆ సమయంలో లోహం చేయి ఆనించలేనంతగా కాలుతుంది. పోనీ తెల్లవారుజామున రంగు వేద్దామంటే సముద్రపు తేమ పట్టి ఉంటుంది. లోహం వేడి, గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే రంగు వేయాలి. అందుకే మాకు నిజమైన రంగుల కాలం చలికాలమే.

ఇక మా వాడి ప్రశ్నకు జవాబు: వేయకూడదు. నాచు, గుల్లలు పట్టకుండా ఓడల అడుగున వేసే ఎర్ర రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం కలిస్తే బ్యాటరీ తయారైనట్టే, అరిగిపోయేది అల్యూమినియమే. పడవ అడుగున రాగి తీగ ముక్క పడిపోయి ఉన్నా చిల్లు పడగలదు. ఆ అరుగుదలను తమ మీదకు తీసుకోవడానికి, పడవ కంటే ముందే అరిగిపోయే లోహపు దిమ్మలు బిగిస్తారు. గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది లాంటి చోట, వరదల్లో తీపి నీరు, వేసవిలో ఉప్పు నీరు ఉంటుంది కాబట్టి జింకు కంటే అల్యూమినియం మిశ్రమం దిమ్మలే మేలు.

ఇంత తెలిసి చేసే మాకు వీసా కాగితంలో రాసేది ‘హెల్పర్’ అని, జీతమూ ఆ లెక్కనే. 17వ శతాబ్దంలో నర్సాపురం దగ్గర యూరప్ కంపెనీలు ఓడలు కట్టించుకున్నప్పుడు చేతిపని ఇక్కడి వడ్రంగులది. అలాంటి తీరం నుంచి వెళ్లినవాళ్లను పనితనం లేనివాళ్లుగా రాయడం నాకు బాధ కలిగిస్తుంది.

మా వాడికి ఎక్కువసేపు చెప్పింది మాత్రం మాస్కు గురించి. పాత పడవల్లో పసుపుపచ్చ ప్రైమర్ కనిపిస్తే అందులో క్రోమేట్ అనే రసాయనం ఉండవచ్చు, ఆ దుమ్ము క్యాన్సర్ కారకం. రెండు డబ్బాల్లోది కలిపి పైన వేసే పాలీయురేథేన్ రంగులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తరువాత కొంచెం సోకినా ఉబ్బసం వస్తుంది. గుడ్డ కట్టుకుంటే ఏదీ ఆగదు. దుమ్ముకూ, ఆవిరికీ వేర్వేరు ఫిల్టర్లు ఉన్న మాస్కు మొదటి రోజే అడగమన్నాను, ఫిల్టర్లు మార్చడం ఆలస్యమైతే మళ్లీ అడగమన్నాను. గడ్డం ఉంటే మాస్కు అంచు చర్మానికి ఆనదని కూడా చెప్పాను. బయలుదేరే ముందు తీయించుకుంటానని మాట ఇచ్చాడు.