ట్రెమొలో లొంగింది, చిప్పే ఏడిపించింది

కాస్త లావైన 10 నంబరు తీగలు ఎక్కించగానే నా గిటారు ట్రెమొలో బ్రిడ్జి (తీగల చివరలను పట్టి ఉంచే పలక, దాని కడ్డీ నొక్కితే స్వరం దిగుతుంది) ముందుకు లేచింది. పాత 9 నంబరు తీగలకన్నా ఇవి గట్టిగా లాగుతాయి. వెనక మూత విప్పి, తీగలకు ఎదురు లాగే స్ప్రింగులను పట్టి ఉంచే రెండు స్క్రూలను అర చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ ఆరు తీగలనూ మళ్లీ శ్రుతి చేస్తూ పోయాను. వెనక అంచు కింద సుమారు 3 మిల్లీమీటర్ల సందుతో బ్రిడ్జి నిలిచింది. ఈ పనికి ఎవరికీ డబ్బులివ్వకండి, ఓపిక చాలు.

అసలు బాధ సర్క్యూట్‌తో. గిటారుకు తోడుగా ఎడతెగకుండా మోగే చిన్న పెట్టె చేద్దామనుకున్నాను. 40106 చిప్పులో ఆరు ఇన్వర్టర్లుంటాయి (ఇంట్లో కరెంటు ఇన్వర్టరు కాదు, వచ్చిన సంకేతాన్ని తిరగేసి పంపే చిన్న సర్క్యూట్లు). ఒక్కోదానికి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు తగిలిస్తే ఒక్కో స్వరం పలుకుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక పెద్ద దుకాణంలో అడిగితే 74హెచ్‌సీ14 అనే వేరే చిప్పు చేతిలో పెట్టాడు.

"నంబరు వేరు కదా అన్నా?"

"కాళ్లు అవే, పనీ అదే. కాస్త చదువుకుని రా తమ్ముడూ" అన్నాడు, కౌంటరు దగ్గరున్న అందరికీ వినిపించేలా. నవ్వారు. 40106 ఇప్పుడెక్కడా దొరకదని కూడా తేల్చి చెప్పాడు.

ఇంట్లో 9 వోల్టుల బ్యాటరీ కలపగానే చిప్పు వేలు ఆనించలేనంత కాలింది. కూత లేదు. ఆ చిప్పు డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తీస్తే కాళ్ల వరుస ఒకటే, నిజమే, కానీ దాన్ని వాడాల్సింది 6 వోల్టుల లోపే! 40106కి 15 వోల్టులైనా ఫరవాలేదు. తిరిగి వెళ్లి చూపిస్తే "అమ్మింది వాపసు తీసుకోం" అని మొహం తిప్పుకున్నాడు. పోయిన డబ్బు కొద్దిదే. సరిగ్గా అడిగినవాణ్ణి పదిమందిలో చదువురానివాడిగా నిలబెట్టాడే, ఆ మంట ఇంకా చల్లారలేదు. సామాను అమ్మేవాళ్లు చదవకపోతే ఇంకెవరు చదవాలి?

అదే గల్లీలో చిన్న కొట్టు నడిపే పెద్దాయన నంబరు వినగానే "ఎన్ని వోల్టుల మీద నడుపుతావు బాబూ?" అని అడిగి, డబ్బాలోంచి 40106 తీసిచ్చారు. అలాంటి వాళ్ల దగ్గరే కొనండి.

ఒక రెసిస్టరు బదులు ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టరు) పెట్టాను, చేతి నీడ పడితే స్వరం దిగుతుంది. వాడని ఇన్వర్టర్ల ఇన్‌పుట్లను తప్పకుండా గ్రౌండుకు కలపండి. ఆంప్లిఫయరుకు పంపేముందు వాల్యూమ్ కంట్రోలు పెట్టి బాగా తగ్గించండి, గిటారు ఇచ్చే వోల్టేజీకి ఇది ఎన్నో రెట్లు. ఇప్పుడు ట్రెమొలో కడ్డీ నొక్కి తీగను ఆ స్వరానికి దగ్గరగా దించితే, రెండూ ఒరుసుకుని వూం వూం అంటూ గది దద్దరిల్లుతోంది. కొన్న పెడల్ ఏదీ నాకు ఇంత శబ్దం ఇవ్వలేదు.