పాత కెర్నెళ్లతో ఒక మంగళవారం

అనంతపురం.

రాత్రి నడిచిన బిల్డ్ పరీక్షల ఫలితాలు పొద్దున మెయిల్ తెరిచేసరికి వచ్చి ఉన్నాయి. కొత్త లైనక్స్ కెర్నెళ్లన్నింటి మీదా (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) మా డ్రైవరు మాడ్యూలు, అంటే కెర్నెల్‌కు జోడించే కోడు ముక్క, సజావుగా కంపైల్ అయింది, పాతవాటిలో 2.6.32 వెర్షను దగ్గర ఒకసారి, 4.18 దగ్గర ఒకసారి ఆగిపోయింది. మేము తయారు చేసేది వర్చువల్ మెషీన్ (కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుగా నడిచే మరో కంప్యూటరు) లోపల, గెస్ట్ సిస్టంలో నడిచే సహాయక డ్రైవరు; దాన్ని మోసే అసలు యంత్రం హోస్టు. హోస్టుతో ఫోల్డర్లు పంచుకోవడం, గడియారం సరిచూసుకోవడం, వాడని మెమరీని హోస్టుకు తిరిగి ఇవ్వడం దాని పనులు. ఆఫీసు బెంగళూరులో ఉన్నా నేను ఇంటి నుంచే పని చేస్తాను కనుక, ఉగ్గాని తింటూనే లాగ్ ఫైలు చదవడం మొదలుపెట్టాను.

మొదటిది చిన్న విషయం. ఎవరో ఫర్ లూపు లోపలే లెక్కింపు వేరియబుల్‌ను ప్రకటించారు. కెర్నెల్ కోడు 2022లో వచ్చిన 5.18 నుంచి సీ భాష 2011 ప్రమాణానికి మారింది కాబట్టి కొత్తవాటిలో అది చెల్లుతుంది. 2.6.32తో వచ్చే జీసీసీ 4.4 కంపైలరు మాత్రం 1989 నాటి పద్ధతినే పట్టుకుని ఉంటుంది గనుక ఒప్పుకోదు. ప్రకటనను లూపు బయటికి తీసి పెట్టాను, సరిపోయింది.

రెండవదానికే మధ్యాహ్నం దాకా పట్టింది. వాడుకరి ప్రోగ్రాము ఇచ్చిన మెమరీ చిరునామా హద్దుల్లోనే ఉందా అని చూసే 'యాక్సెస్ ఓకే' అనే మాక్రో (ఫంక్షను లాంటి చిన్న కోడు) ఒకటి కెర్నెల్‌లో ఉంది. పూర్వం దానికి మూడు ఆర్గ్యుమెంట్లు (అందించే విలువలు) ఉండేవి, వాటిలో మొదటిది చదవడానికా రాయడానికా అని చెప్పేది. ఇంటెల్ పాత 386 ప్రాసెసరు కెర్నెల్ మోడ్‌లో ఉన్నప్పుడు మెమరీ పేజీలకున్న రాత నిషేధాన్ని పట్టించుకునేది కాదు. ఆ లోపాన్ని సర్దుకోవడానికి పుట్టిన ఆర్గ్యుమెంటు అది. 386 కోసం రాసిన ఆ కోడు పోయాక దాన్ని ఎవరూ వాడడం లేదని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2019 జనవరిలో తొలగించారు, ఆ మార్పు మార్చిలో వెలువడిన 5.0లో చేరింది. కాబట్టి 5.0 కంటే ముందు మూడు, ఆ తరువాత రెండు అని మా కోడులో ఒక షరతు ఉంది.

బెంగళూరులోని జూనియర్ ఫోన్ చేశాడు. "అన్నా, 4.18 అంటే 5.0 కంటే తక్కువే కదా. మరి రెండే అడుగుతోందేంటి?"

అడగవలసిన ప్రశ్నే. ఎంటర్‌ప్రైజ్ పంపిణీలు (సంస్థల కోసం కూర్చి ఇచ్చే లైనక్స్ సిస్టంలు) ఒక కెర్నెల్‌ను ఎంచుకుని ఏళ్ల తరబడి అదే నంబరుతో అందిస్తాయి: రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 6కు 2.6.32, 7కు 3.10, 8కి 4.18. కానీ అసలు కెర్నెల్‌లో వచ్చే కొత్త సదుపాయాలను, మరమ్మతులను ఎంచి ఎంచి అందులోకి దించుతూనే ఉంటాయి; ఈ రెండు ఆర్గ్యుమెంట్ల మార్పు కూడా 4.18లోకి అలా దిగిందే. వాకిట్లో బోర్డు మార్చకుండా లోపలి గోడలన్నీ తిరగకట్టిన ఇల్లు లాంటిది అది. వాడుకరి ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను కెర్నెల్ వాళ్లు గట్టిగా నిలబెట్టుకుంటారు, పాత ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద నడిచి తీరాలి. కెర్నెల్ లోపలి ఫంక్షన్లకు మాత్రం అటువంటి హామీ ఏదీ లేదని వాళ్ల పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. బయట ఉండి మాడ్యూలు రాసే మాబోటి వాళ్ల బతుకంతా ఆ రెండో వాక్యంలోనే ఉంది.

పంపిణీల సంగతి అలా ఉంచినా, అసలు కెర్నెల్ నంబరును కూడా నమ్మలేము. వాడుకరి మెమరీ పేజీలను పట్టి ఉంచే 'గెట్ యూజర్ పేజెస్' ఫంక్షను 4.6లో ఒక రూపం, 4.9లో మరొక రూపం, 6.5లో ఇంకొక రూపం దాల్చింది, పైగా 4.9లో వచ్చిన మార్పును స్థిర శాఖ (మరమ్మతులు మాత్రమే అందుకునే పాత వరుస) అయిన 4.4.168లోకి కూడా దించారు. నంబరును దాచుకునే పద్ధతిలో చివరి భాగానికి ఎనిమిది బిట్లే కేటాయించారు కనుక అది 255 దాటితే పొంగి పక్క భాగంలోకి పోతుంది. 2021 ఫిబ్రవరిలో 4.4, 4.9 శాఖలు 256కు చేరినప్పుడు ఆ సంఖ్యను 255 దగ్గరే బిగించవలసి వచ్చింది. 4.4 శాఖ ఆ తరువాత 302 దాకా సాగింది, అయినా అవన్నీ కంపైలరుకు 255గానే కనిపిస్తాయి. ఈ సంగతి చెబితే జూనియర్ నవ్వి, "అయితే నంబరు ఉండి లాభమేమిటన్నా?" అన్నాడు.

లాభం లేకపోలేదు. రెడ్‌హ్యాట్ తన హెడర్లలో (ఫంక్షన్ల రూపాలు రాసి ఉండే కెర్నెల్ ఫైళ్లలో) పంపిణీ విడుదల సంఖ్యను వేరే మాక్రోగా ఇస్తుంది, దాన్ని కూడా చూసుకుంటూ షరతులు పేర్చుకుంటూ పోయేవాళ్లు ఉన్నారు. ఆ దారి నాకు నచ్చదు. ప్రతి పంపిణీకీ ఒక షరతు చొప్పున చేరి, రెండేళ్లు తిరిగేసరికి ఏ షరతు ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తుండదు. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవరు, లైనక్స్ మీది జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టం చేసే పని నాకు సబబుగా తోస్తుంది. బిల్డ్ మొదలయ్యే ముందు రెండు ఆర్గ్యుమెంట్లతో ఒక చిన్న కోడు తునక రాసి, వాడుకరి యంత్రంలో ఉన్న హెడర్లతోనే కంపైల్ చేసి చూస్తారు; కంపైల్ అయితే ఆ రూపం ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. నంబరును కాక కెర్నెల్‌నే అడగడం ఇది.

మూడు గంటల మీటింగులో 2.6.32ను ఇక వదిలేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. దానితో నడిచే సెంటాస్ 6కు (రెడ్‌హ్యాట్ 6కు ఉచిత ప్రతిరూపం) 2020 నవంబరు 30తోనే మద్దతు ముగిసింది, ఇంకా దాన్ని మోయడమెందుకన్నది ప్రతిపాదించినవాళ్ల వాదన. హోస్టు వైపు అయితే నేనూ ఒప్పుకుంటాను; వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్ కూడా 2018 డిసెంబరులో వచ్చిన 6.0తో 32 బిట్ హోస్టులను వదిలేసి, 32 బిట్ గెస్టులను మాత్రం ఉంచుకుంది. గెస్టు వైపు లెక్క వేరు. యంత్రం పాడైపోయి, దాని మీది ప్రోగ్రాము మాత్రం ఇంకా కావలసి వచ్చినప్పుడే పాత సిస్టం వర్చువల్ మెషీన్‌లోకి చేరుతుంది. అందుకే అదే రకం సాఫ్ట్‌వేరైన క్యూఈఎంయూ ఈనాటికీ ఇంటెల్ 1996లో తెచ్చిన 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌ను అనుకరిస్తూనే ఉంది. పాత కెర్నెల్‌ను మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ వదిలేశాక ఆఖరున వదలవలసింది మనమే అన్నాను.

మా ఊరికి దగ్గరలోనే ఒక వేరుశనగ నూనె మిల్లులో వేబ్రిడ్జి బిల్లింగు అలాగే నడుస్తోంది. సెంటాస్ 6 ఉన్న పాత కంప్యూటరు చెడిపోతే, డిస్కును యథాతథంగా వర్చువల్ మెషీన్‌లోకి ఎక్కించి, కాటా తీగను సీరియల్ పోర్టు ద్వారా లోపలికి ఇచ్చారు. ప్రోగ్రాము రాసినవాళ్లు ఇప్పుడు ఎవరికీ అందుబాటులో లేరు. కొత్తది రాయించుకోకూడదా అని అక్కడి మేనేజరును ఒకసారి అడిగితే, "కాటా బాగనే పని చేస్తాంది గదా సామీ, దాన్ని కదిలిచ్చేదెందుకు?" అన్నాడు. ఆ యంత్రం బయటి నెట్‌వర్కుకు తగిలి ఉంటే నేను ఆయనతో వాదించేవాడిని. మద్దతు లేని కెర్నెల్‌ను ఇంటర్నెట్‌కు ఎదురుగా పెట్టడం ఏ కారణానికైనా తప్పే. అది లేదు కనుక ఊరుకున్నాను. మీటింగులో ఇది చెప్పాక, గెస్టు డ్రైవరులో 2.6.32 ఉంటుందని, దానికి కొత్త సదుపాయాలు మాత్రం చేర్చబోమని తేలింది. న్యాయంగానే ఉంది.

సాయంత్రం ఆ అడిగి చూసే స్క్రిప్టు రాయడానికి కూర్చున్నాను. ఇందులో ఒక చిక్కు ఉంది. హెడర్ల ప్యాకేజీ లేకపోయినా, కంపైలరు ఇంకేదో కారణానికి అలిగినా, తునక కంపైల్ కాదు. స్క్రిప్టు దాన్ని 'ఆ రూపం లేదు' అని అర్థం చేసుకుని పాత రూపాన్ని ఎంచుకుంటుంది. అందుకని ముందుగా ఏమీ లేని ఖాళీ మాడ్యూలును కంపైల్ చేయించి, అదే కాకపోతే మిగతా ప్రశ్నలేవీ అడగకుండా అక్కడే ఆపి, హెడర్లు లేవని వాడుకరికి తెలిసేలా సందేశం పెట్టాను. 4.18 మీద బిల్డ్ దాటింది. 2.6.32 మీద ఈ తునకలన్నీ కంపైల్ కావడానికే అసలు మాడ్యూలు కంటే ఎక్కువ సేపు పడుతోంది కాబట్టి, ఫలితాలను ఒక ఫైలులో దాచి, కెర్నెల్ మారినప్పుడే మళ్లీ అడిగేలా చేయాలి. ఆ పని రేపు జూనియర్‌కు అప్పగిస్తాను.