స్పానిష్‌లో నా తొలి క్రియ: అబ్లార్

స్పానిష్‌లో సర్వనామాలతో పాటు నేను మొదట నేర్చుకున్న క్రియ ‘అబ్లార్’, అంటే మాట్లాడటం. చివరనున్న ‘ఆర్’ తీసేసి, ‘యో’ (నేను) అయితే ఆబ్లో, ‘తూ’ (నువ్వు) అయితే ఆబ్లాస్, ‘ఎల్’ (అతను), ‘ఎయ్యా’ (ఆమె) అయితే ఆబ్లా, ‘నొసోత్రోస్’ (మేము, మనం) అయితే అబ్లామోస్ అనాలి. క్రియాంతమే కర్తను తెలుపుతుంది కనుక, ‘మాట్లాడతాను’ అన్నాక ‘నేను’ అక్కర్లేని మనకు ‘యో’ను వదిలేయడం సులువుగానే అబ్బుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది గౌరవవాచకమైన ‘ఉస్తేద్’ (మీరు, ఒక్కరిని ఉద్దేశించి). ఎదుటివారిని ఉద్దేశించినదే అయినా, ‘బుయెస్త్రా మెర్సేద్’ (‘తమరి కృప’ వంటిది) అనే పాత గౌరవ సంబోధన నుంచి పుట్టినందువల్ల, దాని పక్కన ప్రథమ పురుష రూపమైన ‘ఆబ్లా’నే వస్తుంది. బహువచనంలో స్నేహితులను స్పెయిన్‌లో చాలాచోట్ల ‘బొసోత్రోస్ అబ్లాయిస్’ (మీరందరూ మాట్లాడతారు) అంటే, లాటిన్ అమెరికాలో చిన్నా పెద్దా అందరికీ ‘ఉస్తేదెస్ ఆబ్లాన్’ సరిపోతుంది. ఒక రూపం తగ్గుతుంది కాబట్టి కొత్తవారు దీనితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.