గండికోట చుట్టూ ఆరు బండ్లు: ప్లాన్ ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందంటే

ఫిబ్రవరి రెండో వారంలో ఆరు మోటార్‌సైకిళ్ల మీద గండికోట చుట్టుపక్కల మట్టిదారుల్లో మూడు రోజులు తిరగాలని అక్టోబర్‌లో అనుకున్నాం. ఇంకా 16 రోజులుంది. నేను ప్రొద్దుటూరులో ఉంటాను కాబట్టి దారులు చూసే పని నా మీద పడింది. జమ్మలమడుగు మీదుగా పోతే కోటకి 40 కిలోమీటర్ల లోపే. నవంబర్ నుంచి నాలుగు ఆదివారాలు పోయి చూసొచ్చాను. మొదట మ్యాప్‌లో గీసుకున్న దారిలో ఇప్పుడు సగం కూడా మిగల్లేదు. ఏ ముక్క ఎందుకు తీసేశామో మర్చిపోకముందే రాసుకుంటున్నాను. ఇటువైపు గుంపుగా రావాలనుకునేవాళ్లకి కూడా పనికొస్తుంది.

ముందే ఒక మాట. పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచు బండ్లు తిప్పే చోటు కాదు. అక్కడ కంచె లేదు, గోడ లేదు. పేర్చినట్టుండే ఎర్రబండలు ఒక్కసారిగా దాదాపు 300 అడుగులు కిందికి దిగిపోతాయి. కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ కాలినడకనే చూడాలి. బండ్లు కోట బయటే ఉంటాయి. మేం తిరిగేదంతా చుట్టూ ఉన్న పొలాల డొంకలు, క్వారీ దారులు, వంకలు, గరుసు మిట్టలు. కొండల మీద రిజర్వ్ ఫారెస్ట్ ఉంది, అనుమతి లేకుండా బండ్లతో లోపలికి పోకూడదు. అందుకే అడవి హద్దు రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని, వాటికి ఇవతలే దారి గీశాను.

బండ్ల సంగతి. నాదీ, హైదరాబాద్ నుంచి వచ్చే అన్నదీ హిమాలయన్ 411. మా బావది హిమాలయన్ 450. బెంగళూరు స్నేహితులు ఇద్దరిలో ఒకరిది ఎక్స్‌పల్స్, ఇంకొకరిది కేటీఎం 390 అడ్వెంచర్. ఆరోవాడు మా పిన్ని కొడుకు. వయసు 22, ఎక్స్‌పల్స్ కొని ఆరు నెలలయింది, మట్టిలో తోలడం ఇదే మొదలు. ఈ ప్లాన్ మారుతూ వచ్చిందంటే సగం వాడి వల్లే. తప్పు పట్టి చెప్పడం లేదు. వాడు లేకపోతే మేం చాలా విషయాలు ఆలోచించేవాళ్లమే కాదు.

నవంబర్, మొదటి ఆదివారం

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం చూసి కొండాపురం వైపు నుంచి కోటకి ఒక దారి గీసుకున్నాను. తీరా పోతే తారు రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగిపోయింది. నీళ్లలో కొంత దూరం దాకా కరెంటు స్తంభాల తలలు కనిపిస్తున్నాయి. గండికోట రిజర్వాయర్ సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీళ్లు పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. నా దగ్గరున్న చిత్రం నీళ్లు తగ్గినప్పుడు తీసింది.

మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగి, "యాడికి సామీ?" అన్నాడు. కోటకి అన్నాను. "ఆ దావ నీళ్ల కిందికి పాయె. మా ఊరు గూడా ఆడనే ఉండేది" అని నీళ్ల మధ్యకి చెయ్యి చూపించాడు. కాసేపు ఆయనతోనే కూర్చున్నాను. మేకల్ని తోలే దారులు మూడు చెప్పాడు. ఒకటి బండికి పనికొచ్చింది.

ఆ రోజు రెండు విషయాలు ప్లాన్‌లో రాశాను. నీళ్ల పక్కన పోయే దారి ఏదైనా బయలుదేరే ముందు వారంలో కళ్లారా చూసొస్తేనే లెక్కలోకి వస్తుంది. నీళ్లు తగ్గి బయటపడిన రిజర్వాయర్ నేల మీదికి బండ్లు దించం. పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ కింద బురద ఉంటుంది. పైగా అది ఎవరి ఇల్లో, ఎవరి పొలమో. దాని మీద దుమ్ము లేపుకుంటూ తిరగడానికి నాకు మనసొప్పలేదు. మిగతావాళ్లు కూడా వెంటనే ఒప్పుకున్నారు.

డిసెంబర్, రేగడి

నాలుగు ప్రయాణాల్లో ఎక్కువ నేర్పింది ఇదే. బుధవారం వాన పడింది. మూడు రోజులు ఎండ కాసింది కదా అని ఆదివారం మైలవరం వైపు శనగ చేల మధ్య డొంకలోకి దిగాను. పైన నేల తెల్లగా ఆరి, పెచ్చులుగా పగిలి ఉంది. వంద మీటర్లు బాగానే పోయింది. తర్వాత టైరుకి అంటుకున్న మట్టి ఊడి పడటం మానేసింది. హిమాలయన్ 411కి ముందు చక్రం మీద రెండు మడ్‌గార్డులు ఉంటాయి, కిందది టైరుకి బాగా దగ్గర. ఆ సందులోకి నల్లమట్టి దిగి, దానికి గడ్డి కలిసి, ఇటుక మట్టిలా బిగిసిపోయింది. చక్రం తిరగడం ఆగింది. క్లచ్ వదిలితే వెనక చక్రం తిరుగుతోంది, ముందుది జారుతోంది, బండి అడ్డంగా పోతోంది.

స్క్రూడ్రైవర్‌తో, తుమ్మ పుల్లతో గీకి తీశాను. ఇరవై మీటర్లు పోయాక మళ్లీ అదే. మూడోసారికి కింది మడ్‌గార్డు బోల్టులు విప్పి, దాన్ని బ్యాగుకి కట్టేశాను. అప్పుడు కదిలింది. 400 మీటర్లు దాటడానికి గంటా పది నిమిషాలు పట్టింది. చేను గట్టు మీద నిలబడి చూస్తున్న రైతు, "రేగడి ఆరల్యా అబ్బా, ఇంగా నాలుగు దినాలు ఆగాల్సింది" అన్నాడు. ఆయన మోటారు దగ్గరే చేతులు, బండి కడుక్కున్నాను.

ఎక్స్‌పల్స్‌కి మడ్‌గార్డు పైన ఎత్తులో ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. హిమాలయన్లకి మాత్రం బయలుదేరే ముందే కిందది విప్పేస్తున్నాం. అసలు నిర్ణయం వేరే: ముందు ఆరు రోజుల్లో వాన పడి ఉంటే మొదటి రోజు రేగడి దారి మొత్తం రద్దు. దానికి బదులు గరుసు మిట్ట మీద 38 కిలోమీటర్ల దారి చూసి పెట్టాను. కొంచెం చప్పగా ఉంటుంది, కానీ వాన పడినా నడుస్తుంది. ఫిబ్రవరినే ఎంచుకోవడానికి కూడా ఈ చేలే కారణం. శనగ కోతలు అయిపోయి ఉంటాయి, డొంక దాటి ఒక చక్రం పక్కకి పోయినా ఎవరి పంటా తొక్కినట్టు కాదు. మార్చి దాటితే ఎండకి హెల్మెట్ పెట్టుకోలేం.

జనవరి, మలుపు మనిషి

ఆరుగురు ఒకరి వెనక ఒకరు పోతే దుమ్ములో ఎవరూ కనపడరు. దూరం పెంచితే మలుపు తప్పిపోతారు. చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. అందుకని ఆఫ్‌రోడ్ గుంపులు వాడే పద్ధతే పెట్టుకున్నాం. ముందు పోయేవాడు దారి చీలిన చోట చెయ్యి చూపిస్తాడు. అతని వెనకున్న రెండో మనిషి మలుపు మనిషిగా అక్కడే ఆగుతాడు. అందరూ దాటాక, చివరి మనిషి వచ్చేదాకా కదలడు. తర్వాత చివరి మనిషికి ముందు చేరతాడు. ప్రతి మలుపుకీ రెండో మనిషి మారుతూ ఉంటాడు. ముందు, చివర మాత్రం వాళ్లే. మా గుంపులో ముందు నేను, చివర బావ.

సంక్రాంతి సెలవుల్లో నలుగురం ప్రాక్టీస్ చేశాం. రెండో మలుపు దగ్గర తమ్ముడిని నిలబెట్టాను. దుమ్ములో ఒక బండి దాటింది, అదే చివరి బండి అనుకుని వాడు బయలుదేరి వచ్చేశాడు. ఆ దాటింది పొలం నుంచి ఇంటికి పోతున్న ఊరాయన. వెనక బావ, ఇంకో స్నేహితుడు తప్పు దారిలో క్వారీలోకి పోయారు. ఒకరినొకరు వెతుక్కోవడానికి 50 నిమిషాలు. ఫోన్లు పలకలేదు. ఆ 50 నిమిషాలు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. క్వారీ గుంతలకి అంచున గోడలుండవు.

ఇప్పుడు బావ భుజాల మీదుగా నారింజ రంగు జాకెట్టు వేసుకుంటాడు. ఆయన ఆగి, హెల్మెట్ అద్దం ఎత్తి, ముఖం చూపించి బొటనవేలు ఎత్తితేనే మలుపు మనిషి కదలాలి. ఎవరైనా తప్పిపోతే ముందుకి పోకూడదు, చివరిసారి మనిషిని చూసిన మలుపుకి తిరిగి రావాలి. మళ్లీ అదే దారిలో చేశాం, 11 మలుపులూ సరిగ్గా వచ్చాయి.

ముళ్లు, నాపరాళ్లు

ఇక్కడ పంక్చర్లు రెండు రకాలు. డొంకల పక్కన కంపచెట్ల ముల్లు ఒకటి. కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల క్వారీ దారి రెండోది. కోసి పారేసిన ముక్కలు కత్తి అంచుల్లా పైకి లేచి ఉంటాయి. గాలి తక్కువున్న టైరు వాటి మీద పడితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. అందుకే గాలి విషయంలో ఒకటే అంకె పెట్టుకోలేదు. వంక ఇసకలో 18 పీఎస్ఐ, నాపరాళ్ల దారి మొదలయ్యేముందు 26. పంపు కొట్టడానికి ఆగాలంటే అందరికీ విసుగే, అయినా ఆగుతాం.

ఐదు బండ్లకి ముందు చక్రం 21 అంగుళాలు. 21 ట్యూబుని అవసరానికి వెనక 17, 18 చక్రాల్లోనూ సర్ది ఇంటికి చేరొచ్చు. అందుకని 21 ట్యూబులే నాలుగు మోస్తున్నాం. కేటీఎంకి ట్యూబ్‌లెస్ కాబట్టి టైరు చిల్లులో పురికొస దూర్చి మూసే కిట్టు. అది అల్లాయ్ చక్రం కాబట్టి క్వారీ దారిలో నెమ్మదిగా పొమ్మని ఆయనకి ఇప్పటికే మూడుసార్లు చెప్పాను.

తమ్ముడు మా వాకిట్లో మొదటిసారి ట్యూబు మార్చడానికి 70 నిమిషాలు తీసుకున్నాడు. గాలి నింపాక పది నిమిషాల్లో మళ్లీ దిగిపోయింది. ముల్లు పైన విరిగిపోయి, టైరు లోపల మొన మాత్రం మిగిలింది. కంటికి కనపడదు, వేలితో తడిమితే గుచ్చుకుంటుంది. మా అమ్మ దూది ఉండ ఒకటి తెచ్చిచ్చింది. టైరు లోపల చుట్టూ రాసుకుంటూ పోతే ఒకచోట దూది పోగు పట్టుకుంది. అక్కడే ఉంది, బియ్యపు గింజలో సగమంత. ఇప్పుడు పంక్చర్ సంచిలో పౌడర్ డబ్బా పక్కన దూది కూడా ఉంది. నిన్నటికి వాడి టైము 38 నిమిషాలు.

మిగతా సామాను మామూలే: క్లచ్ కేబుల్, బ్రేకు, క్లచ్ లివర్లు బండికొక జత, చైన్ లింకు, తాడు, బండ తగిలి ఇంజిన్ కేసు చిట్లితే పుయ్యడానికి ఎం-సీల్. పెట్రోలు క్యాన్లు వద్దనుకున్నాం. అన్నిటికంటే చిన్న ట్యాంకు ఎక్స్‌పల్స్‌ది, 13 లీటర్లు. మొదటి గేర్లలో నడిపినా రెండు రోజులకి సరిపోతుంది, దారిలో బంకులున్నాయి. ఆ బరువు నీళ్లకి కేటాయించాం. మనిషికి రోజుకి 5 లీటర్లు. మూడు లీటర్లు ఒంటి మీద, మిగతాది మధ్యాహ్నం ఆగే ఊళ్లో 20 లీటర్ల క్యాన్ కొని నింపుకోవడం.

ఇప్పటి ప్లాన్

అక్టోబర్‌లో రోజుకి 140 కిలోమీటర్ల మట్టిదారి అని రాశాం. నేను ఒక్కణ్ణి పోయినప్పుడే సగటున గంటకి 14 కిలోమీటర్లు దాటలేదు. ఆరుగురంటే ఒకరు పడితే ఆరుగురూ ఆగాలి. అందుకని మొదటి రోజు జమ్మలమడుగు నుంచి మైలవరం వైపు తిరిగి సాయంత్రానికి గండికోట, 65 కిలోమీటర్లు. రెండో రోజు కొలిమిగుండ్ల, బెలూం గుహలు, 55. గుహలోకి పొద్దున్నే పోతాం. లోపల ఉక్కపోత ఎక్కువ, మధ్యాహ్నం దాకా బండి నడిపి అలసిపోయాక దిగితే కష్టం. 3,229 మీటర్ల గుహ అది, చూడటానికి వదిలింది కిలోమీటరున్నరే అయినా తొందరపడి చూసేది కాదు. మూడో రోజు అవుకు, బనగానపల్లె మీదుగా యాగంటి, 40. అక్కడినుంచి హైదరాబాద్ అన్న కర్నూలు వైపు, బెంగళూరు వాళ్లు గుత్తి వైపు.

ప్రతి రోజు దారిలో రెండు చోట్ల "ఇక్కడినుంచి తారు రోడ్డు ఎంత దూరం" అని రాసి పెట్టాను. ఒంటిగంటకి మొదటి చోటు, మూడున్నరకి రెండో చోటు దాటకపోతే మట్టి వదిలేసి తారు ఎక్కడమే. దీని మీద బెంగళూరు స్నేహితుడితో వాదన అయింది. "పావుగంటకి కూడా ఒప్పుకోవా?" అన్నాడు. ఒప్పుకోనన్నాను. చీకట్లో వంక దాటాల్సి వస్తే కొత్తవాడు పడతాడు, వాడిని లేపడానికి మనం కూడా వంకలోనే ఉంటాం అని చెప్పాక తగ్గాడు.

మిగిలినవి: కేటీఎంకి ఇంజిన్ కింద ఇనుప ప్లేటు వేయించాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఆసుపత్రుల నంబర్లు, ఇళ్ల నంబర్లు కాగితం మీద రాసి ఆరుగురి జేబుల్లో పెట్టాలి. నీళ్ల పక్క దారి ఇంకోసారి చూడాలి.

ఈ ఆదివారం తమ్ముడు ముందు పోతాడు, నేను వెనక. వాడికి ఏమీ చెప్పను, తొందరపెట్టను. మొదటి రోజు దారి సగం వాడు ఎంతసేపట్లో పూర్తి చేస్తే ఆ టైమే ప్లాన్‌లో రాస్తాను, కిలోమీటర్లు దాన్ని బట్టి ఇంకా తగ్గిస్తాను. ఆరున్నరకి బయలుదేరుతున్నాం, మొదటి టీ మైలవరం డ్యాం దగ్గర.