పిల్లలు "గుండెలో నొప్పి" అంటే

"అమ్మా, గుండెలో పొడుస్తోంది" అనగానే ఇంట్లో అందరి మొహాలూ మారిపోతాయి. ఆ మొహాలు చూసి పిల్లాడు ఇంకా బెదురుతాడు. ఊపిరి వేగం పెరుగుతుంది, దాంతో ఛాతీ బిగుసుకుంటుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. నొప్పి ఒకటైతే, దాని మీద భయం తెచ్చిన నొప్పి ఇంకొకటి.

పెద్దవాళ్ల లెక్క పిల్లలకు పనికిరాదు. ఛాతీ నొప్పితో వచ్చే 100 మంది పిల్లల్లో గుండె జబ్బు తేలేది ఐదుగురిలోపే. మిగతావి చాలావరకు కండరాలు, పక్కటెముకలు, దగ్గు, ఆస్తమా, ఎసిడిటీ, ఆందోళన.

ముందు "ఒక్క వేలితో చూపించు" అనండి. రొమ్ము ఎముకకు పక్కటెముక అతికే చోట చూపిస్తే, అక్కడే మెల్లగా నొక్కండి. "ఆ, అదే" అన్నాడంటే చాలాసార్లు అది ఎముకలు, కండరాల నొప్పే. నిన్నటి ఆట, మోసిన బ్యాగు, వారంగా వదలని దగ్గు గురించి అడగండి.

వంగి కూర్చుని ఉండగా ఎడమవైపు సూదితో గుచ్చినట్టు వచ్చి, ఊపిరి పీలిస్తే ఎక్కువై, రెండు మూడు నిమిషాల్లో మాయమయ్యేది ప్రీకార్డియల్ క్యాచ్ అనే హానిలేని నొప్పి. ఈసీజీ మామూలుగానే ఉంటుంది. మందూ అక్కర్లేదు, మాత్ర పనిచేసేలోపే నొప్పి పోతుంది. నిటారుగా కూర్చోబెడితే చాలు.

టీనేజ్ పిల్లల్ని చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది: మొటిమలకు మాత్రలు వాడుతున్నారా? మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్ మాత్రని గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. ఆ తర్వాత ఏం మింగినా ఛాతీలో మంటే. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట కూర్చోవాలి.

కొన్నిటికి మాత్రం, నొక్కితే నొప్పి ఉన్నా లేకపోయినా, ఆగకూడదు. ఆటలో స్పృహ తప్పడం, ఆయాసం, పెదాలు నీలంగా మారడం, సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాడికి హఠాత్తుగా ఒకవైపు నొప్పి (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండొచ్చు), పసివాళ్లు చొల్లు కారుస్తూ మింగలేకపోవడం (బటన్ బ్యాటరీ మింగారేమో) కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. పరిగెత్తేటప్పుడు వచ్చే నొప్పి, నొప్పితో పాటు గుండెదడ, జ్వరంతో పాటు పడుకుంటే పెరిగి ముందుకు వంగితే తగ్గే నొప్పి ఉంటే అదే రోజు చూపించాలి. చూపించేదాకా ఆటలు వద్దు. రక్తసంబంధీకుల్లో 50 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా, పిల్లలకు చిన్నప్పుడు కవాసాకీ జబ్బు (జ్వరంతో వచ్చి గుండె రక్తనాళాలను దెబ్బతీయగల జబ్బు) వచ్చి ఉన్నా డాక్టర్ అడగకముందే చెప్పండి.

గుండె బాగుందని తేలాకే అసలు పొరపాట్లు మొదలవుతాయి. గంటకోసారి "ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే పిల్లాడు రోజంతా ఛాతీ మీదే ధ్యాస పెడతాడు. "నాటకాలాడకు" అన్నా తప్పే, నొప్పి నిజమైనదే మరి. "నొప్పి నిజమే, గుండెది మాత్రం కాదు" అని ఒక్కసారి చెప్పండి. తనంతట తాను చెప్పినప్పుడే నోట్‌బుక్‌లో తేదీ, అప్పుడేం చేస్తున్నాడు, ఎన్ని నిమిషాలుంది, ఎలా తగ్గింది రాసుకోండి. భయంతో ఊపిరి ఎగబీలుస్తుంటే పక్కన కూర్చుని మీరూ నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలిన గాలే మళ్లీ పీల్చాలని మొహానికి కవరు పెట్టకండి. డాక్టర్ వద్దనకపోతే మర్నాడే బడికీ ఆటకీ పంపండి.