ఒప్పుకోని మనిషితో నాలుగు సంభాషణలు

ఫ్రెంచ్ రచయిత ఆంద్రే జీద్ 'కోరిడాన్' స్వలింగ ప్రేమను సమర్థిస్తూ రాసిన నాలుగు సంభాషణల పుస్తకం. అందులో డాక్టర్ కోరిడాన్ ఎదుట కూర్చున్నవాడు తలూపే శిష్యుడు కాదు, ఆ ప్రేమంటేనే గిట్టనివాడు. కథ చెప్పే 'నేను' కూడా అతనే. చివరికి మారడు, జవాబు చెప్పకుండా టోపీ తీసుకుని వెళ్ళిపోతాడు. అలా వదిలేయడానికి ధైర్యం కావాలి.

అతను మొదటిసారి డాక్టర్ కోరిడాన్ ఇంటికి వచ్చినప్పుడు గదంతా కళ్ళతో గాలిస్తాడు, ఆడంగితనం ఆనవాళ్ళేమైనా ఉన్నాయేమోనని. గోడ మీద మైకెలాంజెలో చిత్రం, బల్ల మీద అమెరికన్ కవి విట్మన్ బొమ్మ తప్ప ఏమీ దొరకవు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా నడకనీ, చేతులు తిప్పే తీరునీ అలాగే చూసినవాళ్ళున్నారు. అందుకే ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

కోరిడాన్ తను కలం పట్టడానికి కారణం కూడా చెబుతాడు. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి తమ్ముడు అలెక్సిస్ తనను ప్రేమించాడు. తను దూరం పెట్టాడు. ఆ అబ్బాయి ప్రాణం తీసుకున్నాడు. తమకేదో జబ్బుందని కుమిలిపోయే అలాంటివాళ్ళ కోసమే రాస్తున్నానంటాడు.

ఫ్రాన్సులో 1791 నుంచే స్వలింగ సంబంధం నేరం కాదు. అయినా 1911లో జీద్ పేరు లేకుండా 12 ప్రతులే వేయించాడు, అదీ సగం పుస్తకమే. 1920లో 21 ప్రతులు. సొంత పేరుతో బయటపెట్టింది 1924లో. ముందు ఏడాది డిసెంబర్లో తత్వవేత్త జాక్ మారితేఁ ఇంటికి వచ్చి వద్దని బతిమాలినా వినలేదు.

జంతువుల ఉదాహరణలతో సాగే రెండో సంభాషణ నాకు విసుగే. అసలు గొడవ ప్రాచీన గ్రీకుల దగ్గర. పెద్దవాళ్ళకీ కుర్రాళ్ళకీ మధ్య ప్రేమను కోరిడాన్ ఆదర్శమంటాడు. నేను ససేమిరా ఒప్పుకోను. ఆ కుర్రాళ్ళలో ఒక్కరికైనా ఈ సంభాషణల్లో కుర్చీ వేయలేదు. ఆడంగి మగవాళ్ళనైతే వాదంలోకే రానివ్వలేదు. అది పెద్ద లోపమేనని 1922 నాటి ముందుమాటలో జీద్ తనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా పుస్తకాన్ని అలాగే అచ్చుకిచ్చాడు, అదే నాకు మింగుడుపడదు.